ఫ్యూజన్ రియాక్టర్ గోడకు టంగ్‌స్టన్: సరైన నిర్ణయమేనా?

అరుణతార:
ఫ్రాన్స్‌లో కడుతున్న ఫ్యూజన్ ప్రయోగ రియాక్టర్ ఈటర్ లోపలి గోడకు బెరీలియం వద్దనుకుని టంగ్‌స్టన్‌కు మారుతున్నట్టు 2023లో చెప్పారు. మంచి పని చేశారు. బెరీలియం తొందరగా అరిగిపోతుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు విషం. కార్బన్ కరగదు గానీ ఫ్యూజన్ ఇంధనమైన ట్రిటియాన్ని తనలో దాచేసుకుంటుంది. టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీలు కావాలి. ఇంకేం కావాలి?

టిగ్ శీను:
ఎంతసేపూ కరగడం గురించేనా అండీ? నేను టిగ్ వెల్డర్‌ని, ఆర్క్ పుట్టించే మా ఎలక్ట్రోడ్ టంగ్‌స్టనే. మొన కరిగిన లోహానికి తగిలిందంటే చిన్న రేణువు అందులో ఉండిపోతుంది. కంటికి కనబడదు. ఎక్స్‌రే ఫిల్మ్ మీద మాత్రం తెల్లటి చుక్క, జాయింట్ రిజెక్ట్. అలాంటి చుక్కకే ఒక కాంట్రాక్టర్ నా కూలి కోశాడు. గ్యాస్ సరిగా రాని టార్చి ఇచ్చింది ఆయనే. రియాక్టర్ లోపలి అతి వేడి వాయువులో, అదే ప్లాస్మాలో, అలాంటి రేణువు పడితే?

ప్రహ్లాద్:
ఫ్రాన్స్‌లోని వెస్ట్ టోకమాక్ (ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం), 2025 ఫిబ్రవరి, ప్లాస్మా 1,337 సెకన్లు నిలిచింది. గోడ టంగ్‌స్టనే. చర్చ అయిపోయింది.

టిగ్ శీను:
హీటింగ్ ఎంత? 2 మెగావాట్లు. ఈటర్‌లో ఫ్యూజన్‌లో పుట్టే ఆల్ఫా కణాల వేడి 100, బయటి నుంచి ఇచ్చేది 50. ఆ 150 మెగావాట్లూ బయటికి పోవాలి. ఆ వేడి వచ్చి పడే అడుగు భాగం, డైవర్టర్, దాని పలకల మీద చదరపు మీటరుకు 10 మెగావాట్లు, కాసేపు 20 కూడా.

ప్రహ్లాద్:
ఎంతసేపు నిలిచిందన్నదే లెక్క.

టిగ్ శీను:
ఎంత వేడితో నిలిచిందన్నది లెక్క కాదా?

అరుణతార:
శీను గారూ, అందుకే అంచుల్లో నియాన్ వదులుతారు. వేడి పలకను తాకకముందే చాలా భాగం కాంతిగా చెదిరిపోతుంది. అక్కడి ప్లాస్మా చల్లబడితే ఇంధనంలోని డ్యుటీరియం అయాన్లకు టంగ్‌స్టన్ పరమాణువును ఊడగొట్టే శక్తే ఉండదు, దానికి 200 ఎలక్ట్రాన్ వోల్టుల పైమాటే కావాలి.

టిగ్ శీను:
నియాన్ అయాన్లు బరువైనవి, అవి ఊడగొడతాయి. ఈఎల్ఎమ్‌లు, అంటే ప్లాస్మా అంచున హఠాత్తుగా ఎగిసే పోట్లు, వచ్చినప్పుడు మిల్లీసెకన్లలో దెబ్బ పడుతుంది. ఊడిన టంగ్‌స్టన్ లోపలికి చేరితే, పదివేలలో ఒకటి రెండు వంతులున్నా ఎక్స్‌రేలుగా శక్తిని తోడేస్తుంది.

ప్రహ్లాద్:
మీ కూలి గొడవ తెచ్చి రియాక్టర్‌కు అంటగడుతున్నారు. ఇన్నేళ్లుగా పనిచేస్తున్న వాళ్లకు ఇది తెలియదా?

టిగ్ శీను:
కూలి పోయినవాడికి మాట్లాడే హక్కు లేదా? సరే, సూటిగా అంటాను. నా కోపం లోహం మీద కాదు. వచ్చే దశాబ్దంలోనే గ్రిడ్‌కు కరెంటు ఇస్తామని కంపెనీలు డబ్బు అడుగుతున్నాయి. ఫ్యూజన్‌లో పుట్టే 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు ఏళ్ల తరబడి కొట్టిన టంగ్‌స్టన్ ముక్కను ఇప్పటిదాకా ఎవరైనా చేత్తో పట్టుకున్నారా? ఆ పరీక్ష చేసే ఇఫ్మిఫ్-డోన్స్‌ను స్పెయిన్‌లో గ్రనడా దగ్గర ఇంకా కడుతున్నారు. ముందు పరీక్షా, ముందు ప్లాంటా?

అరుణతార:
ఇది మొదటే అడిగి ఉండాల్సింది. నేను ముందు ప్లాంటే అంటాను. వేడి, న్యూట్రాన్లు, ప్లాస్మా మూడూ ఒకేసారి తగిలే చోటు రియాక్టర్ తప్ప మరోటి లేదు. విడివిడి పరీక్షలన్నీ అయ్యేదాకా ఆగితే ఎప్పటికీ మొదలుపెట్టం.

మౌని:
శీను గారితో ఏకీభవిస్తున్నాను.

టిగ్ శీను:
అయితే దాన్ని పరీక్షా యంత్రం అనే చెప్పండి, కరెంటు ప్లాంటు అని అమ్మకండి. పలక పగిలితే లోపలికి మనిషి వెళ్లలేడు, రోబో చేతులతోనే మార్చాలి. అన్నాళ్లూ కరెంటు ఉండదు. ఆ నష్టం ఎవరి ఖాతాలో వేస్తారు?

అరుణతార:
మొదటి ప్లాంటు కట్టినవాళ్ల ఖాతాలో. పలకలు మార్చడం కూడా అక్కడే నేర్చుకోవాలి.