చౌడు నేలలో బయోస్టిమ్యులెంట్లు: వాడినవారు ఏం చూశారు?

తొలకరి:
టమాటా నాటి ఇరవై రోజులైంది. డ్రిప్పు చుక్క పడే చోట మట్టి బాగానే ఉంది, తడి ఆగిన అంచున మాత్రం తెల్లగా ఉప్పు పేరుతోంది. ముదురు ఆకుల అంచులు మాడుతున్నాయి. మట్టి పరీక్షలో ఈ.సి. (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) 1.6, పి.హెచ్. 7.9 వచ్చాయి. అంత ఎక్కువేమీ కాదని ఊరుకున్నాను. ఇప్పుడు బయోస్టిమ్యులెంట్లు, అంటే మొక్కకు ఊతమిచ్చే మందులు, సముద్రపు నాచు ద్రావణం, హ్యూమిక్ ఆమ్లం, సూక్ష్మజీవుల పొడి మూడూ వాడమని సలహా వచ్చింది. చౌడులో వీటిని వాడినవారు ఉంటే చెప్పండి.

మట్టిపాఠం:
ఆ 1.6 ఏ పద్ధతిలో తీశారండీ? ఒక పాలు మట్టికి రెండు పాళ్ల నీళ్లు కలిపితే అంకె తక్కువగా కనిపిస్తుంది. పంటల ఓర్పు పట్టికలు మట్టిని ముద్దగా తడిపి, అందులోంచి లాగిన నీటి ఈ.సి. మీద వేసినవి. ఆ లెక్కలో టమాటా మీటరుకు 2.5 డెసీసైమన్ల (ఈ.సి. కొలమానం) దాకా తట్టుకుంటుంది. అది దాటాక ఒక్కో డెసీసైమన్‌కు దిగుబడి 10 శాతం దాకా పడిపోతుంది. బీన్స్ 1 దాటగానే దెబ్బతింటుంది, బార్లీ 8 వరకూ నిలబడుతుంది. మీ 1.6 ముద్ద లెక్కలో రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. ముందు ఇది తేల్చుకోండి.

నాగేటిచాలు:
నాది వరి. మొలకెత్తేటప్పుడు ఉప్పును ఓర్చుకుంటుంది గాని లేత నారుగా ఉన్నప్పుడు, మళ్లీ పూత సమయంలో ఓర్చుకోలేదు. అది తెలియక మొదటి ఏడాది పిలకల దశలో నాచు ద్రావణం పిచికారీ చేశాను, తేడా ఏమీ కనిపించలేదు. మరుసటి పంటకు విత్తనాన్ని అదే ద్రావణంలో నానబెట్టాను, నారుమడికి పొటాషియం సిలికేట్ ఇచ్చాను, నారును కాస్త ముదరనిచ్చి నాటాను. ఈసారి ఆకు కొసలు తెల్లబడలేదు. సిలికా వరి వేళ్లలో పేరుకుని సోడియం పైకి ఎక్కకుండా కొంత అడ్డుపడుతుంది. అయితే మేలు దానివల్లనా, ముదురు నారువల్లనా అంటే విడదీసి చెప్పలేను. మందు వేయని మడి ఒకటి ఉంచుకోకపోవడం నా తప్పు.

వేరుముడి:
సూక్ష్మజీవుల సంగతి నేను చెబుతాను. ఉప్పు ఒత్తిడిలో మొక్క ఇథిలీన్ అనే హార్మోన్ వాయువును ఎక్కువగా తయారుచేసుకుంటుంది. దానితో వేరు సాగదు, ఆకులు తొందరగా పండిపోతాయి. కొన్ని వేరు బాక్టీరియాలు ఇథిలీన్‌కు ముడిసరుకైన ఏ.సి.సి. అనే పదార్థాన్ని విరగ్గొట్టి ఆ ఒత్తిడిని తగ్గిస్తాయి. నేను మిరప నారు వేళ్లను ఆ బాక్టీరియా కలిపిన ద్రావణంలో ముంచి నాటాను. నెల తర్వాత ముంచినది ఒకటి, ముంచనిది ఒకటి పీకి చూశాను. ముంచినదాని పీచువేళ్లకు మట్టి రేణువులు గుత్తులుగా అంటుకుని వచ్చాయి. రెండోది దులపగానే బోసిగా మిగిలింది. నాటిన ఇరవై రోజులకు మొక్కల మొదళ్లలో పోసిన వరుసల్లో మాత్రం ఇంత తేడా లేదు. కాబట్టి తొలకరి గారూ, పొడిని వచ్చే పంటకు ఉంచుకోండి.

పచ్చిరొట్ట:
హ్యూమిక్‌తో జాగ్రత్త. కాల్షియం ఎరువుతో కలిపి ఒకే ట్యాంకులో పోశాను. నిమిషాల్లో విరిగి నల్లటి ముక్కలైంది, ఫిల్టరు మూసుకుపోయింది. ఆ రోజంతా లేటరల్స్ (డ్రిప్పు పక్క గొట్టాలు) కడగడంతోనే సరిపోయింది.

మట్టిపాఠం:
వీటిలో ఏదీ నేలలోని ఉప్పును తీసేయదు, మొక్కకు ఓపిక ఇస్తుందంతే. పి.హెచ్. 7.9, పైన తెల్ల పొర అంటే మీది పాల చౌడే (ఉప్పు పేరిన నేల) అనిపిస్తోంది. దీనికి మంచినీటితో ఉప్పును కిందికి కడగాలి, ఆ నీరు పోవడానికి మురుగు కాలువ ఉండాలి. జిప్సం అవసరం పి.హెచ్. 8.5 దాటే కారు చౌడుకు (సోడియం ఎక్కువైన క్షార నేలకు). ఇంకొకటి, చిన్న వాన పడుతుంటే డ్రిప్పు ఆపకండి. ఆపితే అంచున పేరిన ఉప్పు కరిగి నేరుగా వేళ్ల మీదికి వస్తుంది. కొన్ని నాచు ద్రావణాల్లోనే ఉప్పు ఉంటుంది, కలిపిన నీళ్ల ఈ.సి. చూసి పిచికారీ చేయండి.

తొలకరి:
పోయిన వారం చినుకులు పడ్డప్పుడు డ్రిప్పు కట్టేశాను! ఆకులు మాడడం ఆ మర్నాటి నుంచే మొదలైంది. పరీక్ష చేసినవారికి ఫోను చేస్తే ఒకటికి రెండు పద్ధతే అన్నారు. బోరు నీటిని కూడా పరీక్షకు పంపాను. ఆ ఫలితం రాగానే కడగడం మొదలుపెడతాను. నాచు ద్రావణం నాలుగు వరుసలకే కొడతాను, పక్క రెండు వరుసలకు కర్రలు పాతి ఏమీ కొట్టకుండా వదిలేస్తాను. మొదటి కోతకు రెండింటి కాయలూ తూచి ఇక్కడే రాస్తాను.