ఆడ బాల్ పైథాన్ 1,600 గ్రాములు దాటింది, జతకట్టించవచ్చా?

కుబుసం22:
ఆడ బాల్ పైథాన్ (చిన్న కొండచిలువ జాతి), మూడేళ్లు నిండాయి. నిన్నటి తూకం 1,610 గ్రాములు. 1,500 దాటితే చాలని చాలామంది అంటున్నారు. పది రోజులకోసారి 120 గ్రాముల ఎలుక వేస్తున్నాను. తోక మొదట్లో కాస్త ఉబ్బుగా ఉంది. అవి గుడ్లా, కొవ్వా? ఈ చలికాలం మగదాన్ని వదలనా?

పొలుసులపెట్టె:
తూకం ఒక్కటే చూసి తేల్చలేం అండీ. అదే 1,600 గ్రాములు పొడవాటి పాముకు నిండుదనం, పొట్టి పాముకు ఊబకాయం. పొడవు ఎంత? పాము చాచుకున్నప్పుడు వెన్ను వెంట దారం పెట్టి కొలవండి, లాగి సాగదీయొద్దు.

మేత వేసి వారం దాటి, పెంట కూడా వేశాక ఒళ్లు చూడండి. కళ్లు పాలరంగుకి తిరిగి కుబుసానికి సిద్ధంగా ఉంటే ఆగండి.

బొటనవేలు, రెండు వేళ్ల మధ్య మెడ నుంచి తోక దాకా మెల్లగా జరపండి. బాగున్న పాము ఒళ్లు బ్రెడ్ ముక్కలా ఉంటుంది: కింద చదును, పక్కలు గుండ్రం, పైన మెత్తని వంపు. వెన్నెముక వేలికి తగలాలి, కంటికి గట్టులా కనబడకూడదు. పూరింటి కప్పులా రెండు వైపులా వాలిపోయి, పక్కల్లో చర్మం నిలువునా ముడతలు పడితే బక్కచిక్కినట్టు. రోకలిలా గుండ్రమై, వెన్నెముక గాడిలో దిగిపోయి, కడుపు ఖాళీగా ఉన్నా పొలుసుల మధ్య చర్మం కనిపిస్తుంటే కొవ్వు. చుట్ట చుట్టుకున్నప్పుడు పక్కన మడతలు పడటం కూడా అంతే.

అందరూ మరిచేది కండ. ముంజేతి మీద పెట్టుకుంటే గట్టిగా పట్టుకోవాలి. తడిగుడ్డలా వేలాడితే అంకె ఎంతున్నా లాభం లేదు, గుడ్లను బయటికి తోసేది ఆ కండే.

ఎలుకలమేత:
తోక మొదట్లో ఉబ్బు దాదాపు కొవ్వే. ఎదిగే గుడ్లు అక్కడుండవు, ఒళ్లు సగం దాటాక వరుసగా గోలీల్లా తగులుతాయి. వేళ్ల మీదుగా పామునే జారనివ్వండి. నొక్కి వెతకొద్దు, దెబ్బతింటాయి. అనుమానం తీరాలంటే స్కానింగే.

కొవ్వు ఎక్కువైతే గుడ్లు లోపలే ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది. మరీ బక్కదైతే ఇంకో బాధ: గుడ్డు సుమారు 80 గ్రాములు అనుకుంటే ఆరు గుడ్లకే దాదాపు 500 గ్రాములు, అంటే మీ పాము బరువులో మూడోవంతు. పైగా కడుపుతో ఉన్నప్పుడు, గుడ్లను చుట్టుకున్నప్పుడు చాలా పాములు నెలల తరబడి మేత ముట్టవు. అందుకే నిల్వ కావాలి, కానీ అది కండ మీద నిలిచిన నిల్వ కావాలి.

మీ మేతే ఎక్కువ. ఎదిగిన ఆడదానికి ఒళ్లు బరువులో 5–6 శాతం, అంటే 80–95 గ్రాముల ఎలుక, రెండు మూడు వారాలకోసారి చాలు. ఒక్కసారిగా పస్తు పెడితే కాలేయానికి ముప్పు.

కుబుసం22:
పొడవు 108 సెంటీమీటర్లు. వెన్ను గాడిలోనే ఉంది. పట్టు కూడా బలహీనమే.

పొలుసులపెట్టె:
అయితే ఈ సీజన్ జతకట్టించొద్దు. మేత అంతరం మూడు వారాలకు పెంచి, ఎక్కడానికి లావు కొమ్మలు పెట్టండి. వెచ్చని చోటు 31–32 డిగ్రీల కంటే తగ్గకూడదు. నెలకోసారి డబ్బాను కాటా మీద సున్నా చేసి తూచి రాసుకోండి, పక్కనే వెన్ను ఫొటో కూడా. అంకె కంటే ఫొటో ముందు మారుతుంది.

ఎలుకలమేత:
ఈలోగా పెంట పరీక్ష చేయించండి. తింటూ కూడా చిక్కిపోతే పురుగులున్నాయేమో చూడాలి. నోట్లో బుడగలు, ఊపిరిలో ఈల, కళ్ల చుట్టూ నల్లని పేలు, కంటి మీద మిగిలిన పాత పొర, వీటిలో ఏ ఒక్కటున్నా వెటర్నరీ డాక్టరు చూసేదాకా మగదాన్ని దరి చేరనివ్వొద్దు. ఇండియాలో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో పాము నమోదైందో లేదో చూసుకోండి. ఈ జాతి సైటీస్ (అడవి జీవాల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, పిల్లలు పుడితే అదీ తెలపాలి.