‘దైవసాక్షిగా’ అన్నప్పుడు ఆ దైవం ఎవరు?

ప్రశ్న: మంత్రులు ‘దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను’ అంటారు కదా. మనది లౌకిక రాజ్యం. మరి ఆ మాటకు ఏ దైవమని అర్థం చెప్పుకోవాలి?

జవాబు: ఏ ఒక్క దైవమూ అక్కడ లేదండీ. ఎవరు నమ్మే దైవం వారికే. ప్రమాణాల నమూనాలు ఉండే రాజ్యాంగం మూడో షెడ్యూలు ఇంగ్లిషు పాఠంలో ‘దేవుడి పేరిట’ అని ఉంటుంది, తెలుగులో మనం ‘దైవసాక్షిగా’ అంటాం. నాకు మన మాటే ఎంతో నచ్చుతుంది. ఒకరి పేరిట మాట్లాడే మనిషి వాళ్ల అధికారాన్ని కూడా తన వెంట తెచ్చుకుంటాడు. సాక్షిని పిలిస్తే అలా కుదరదు, రేపు మాట తప్పితే ఆ సాక్షే నిలదీస్తాడు. సాక్షాత్తూ చూసినవాడే సాక్షి అని పాణిని వ్యాకరణం చెబుతుంది.

పైగా వాక్యం నడక చూడండి. ‘అనే నేను’తో మొదలవుతుంది, దైవం ఊసు చివర్లో క్రియకు ముందు గానీ రాదు. నడుమ ఉన్నదంతా జనానికి ఇచ్చే మాట. ‘భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా’ అందరికీ న్యాయం చేస్తానని. ఈ రాగద్వేషాల జంటలో అందరి చూపూ ద్వేషం మీదికే పోతుంది. నన్నడిగితే రాగమే ఎక్కువ ప్రమాదం. పరాయి మతాన్ని పల్లెత్తు మాట అనకపోయినా, ‘మనవాళ్లు’ అన్న మమకారంతో ఒక మతంవాళ్ల ఫైలు ముందు కదిలిస్తే ప్రమాణం తప్పినట్టే.

ప్రశ్న: మరి నాస్తికుల సంగతి? ఇష్టదైవం పేరు చెప్పుకోవచ్చా?

జవాబు: దేవుడి ఊసు లేకుండా ప్రతిజ్ఞ చేసే వీలు ఆ షెడ్యూలులోనే ఉంది. కొందరు ‘మనస్సాక్షిగా’, ‘ఆత్మసాక్షిగా’ అనడం వింటుంటాం. ఇష్టదైవం పేరు మాత్రం కుదరదు. కేరళలో 2001లో ఒక ఎమ్మెల్యే అక్కడి సంఘ సంస్కర్త, ఆధ్యాత్మిక గురువు శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేస్తే, నమూనా ప్రకారం లేదు కాబట్టి అది చెల్లదని హైకోర్టు తేల్చింది.

రాజ్యాంగ సభలోనూ దేవుడి ప్రస్తావన మీద గట్టి చర్చే నడిచింది. పీఠికను ‘దేవుడి పేరిట’ అని మొదలుపెట్టాలంటూ 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. దేవుణ్ణి ఓటుకు పెట్టే ఇబ్బంది మాకు తేవద్దని పూర్ణిమా బెనర్జీ కోరారు. ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయంలో సభ అభిప్రాయాన్ని అందరి మీదా రుద్దకూడదని హెచ్.ఎన్. కుంజ్రూ వాదించారు. కామత్ వెనక్కి తగ్గలేదు. చివరికి ఓటింగు జరిగింది, 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు.