లాభం పెరిగింది, షేరు పడింది. ఇదేం లెక్క?

అరండల్‌పేట: గుంటూరులో మెడికల్ షాపు నడుపుతాను. మొన్న ఒక ఐటీ కంపెనీ (పేరెందుకులెండి) ఫలితాల ముందు రోజు షేర్లు కొన్నా, అది చాలదన్నట్టు ఒక కాల్ ఆప్షన్ (షేరు పెరుగుతుందని కాసే పందెం లాంటిది) కూడా తీసుకున్నా. సాయంత్రం చూస్తే లాభం అందరూ అనుకున్నదానికన్నా ఎక్కువే, ఆ ఊపులో ఇంటికి స్వీట్లు కూడా పట్టుకెళ్లా. పొద్దున 9:15కి షేరు 6 శాతం కింద! 3 శాతం పడితే దానంతటదే అమ్మేయమని పెట్టిన స్టాప్‌లాస్ కూడా 6 దగ్గరే అమ్ముడుపోయింది. ఎక్కడ తప్పు చేశాను?

బెజవాడ బుల్లోడు: మీరు చూసింది అయిపోయిన మూడు నెలలు, మార్కెట్ చూసేది వచ్చేవి. గైడెన్స్, అంటే ముందు ముందు ఎలా ఉంటుందో కంపెనీ చెప్పే అంచనా, చదివారా? 2023 ఏప్రిల్ 13న ఇన్ఫోసిస్ ఆ ఏడాది అమ్మకాల పెరుగుదల 4 నుంచి 7 శాతమే అంది, మధ్యలో అంబేద్కర్ జయంతి, శని, ఆదివారాలు సెలవు, 17న తెరవగానే కుప్పకూలి 9 శాతం పైన నష్టంతో ముగిసింది. అమెరికా చిప్ కంపెనీ ఎన్విడియా సంగతి ఇంకా విచిత్రం. 2023 మేలో వచ్చే క్వార్టర్‌కి 1,100 కోట్ల డాలర్ల అమ్మకాలు వస్తాయని చెప్పింది, నిపుణులు అనుకున్నది 720 కోట్లు, ఒక్క రోజులో షేరు 24 శాతం ఎగిరింది. 2024 ఆగస్టులో అంచనాలు దాటినా మర్నాడు 6 శాతం పడింది, ఎందుకంటే అందరూ ఇంకా ఎక్కువే ఆశించి ముందే కొనేశారు.

మిర్చి యార్డు: ఇది మాకు రోజూ ఉండేదే. ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లు వస్తాయట అనగానే తేజా రకం మిర్చి రేటు ఎక్కేస్తుంది, ఆర్డర్ నిజంగా వచ్చిన రోజు కొనేవాడు కనపడడు.

బెజవాడ బుల్లోడు: హహ, అంతే.

రాత్రి డ్యూటీ: స్టాప్‌లాస్ తప్పేం లేదండీ, 3 శాతం దగ్గర కొనేవాళ్లే లేకపోతే అది ఎవరికి అమ్ముతుంది? 9 నుంచి 9:15 మధ్య ప్రీ ఓపెన్‌లోనే, అంటే మామూలు ట్రేడింగ్ మొదలయ్యే ముందే, రేటు కిందకి తేలిపోయింది. ఇక కాల్ సంగతి, ఫలితాల ముందు టెన్షన్‌కి ప్రీమియం (ఆప్షన్ ధర) ఉబ్బి ఉంటుంది, రాగానే గాలి తీసేస్తారు. షేరు ఒక శాతం పెరిగినా మీకు నష్టమే వచ్చేదేమో. ఇంకోటి, ఇన్ఫోసిస్, విప్రో లాంటివి న్యూయార్క్‌లో కూడా ట్రేడవుతాయి, మనం పడుకునేలోపే అక్కడి రేటు చూడొచ్చు.

అరండల్‌పేట: నాది ఆ రెండూ కాదు. కాల్ 42కి కొన్నా, 5కి వదిలేశా. స్వీట్లు మాత్రం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.