చేను సోలార్‌కు లీజుకిస్తే, గడువు తీరాక ఆ ప్యానెళ్లు ఎవరు ఎత్తుకుపోతారు?

గుత్తి రైతు:
గుత్తి దగ్గర మాకు 11 ఎకరాల మెట్ట ఉంది. చెనక్కాయ వేస్తే మూడేళ్లకోసారి పెట్టుబడి తిరిగొస్తుంది, మిగతా రెండేళ్లు పశువుల మేతకు చెనక్కట్టె మాత్రం మిగులుతుంది. ఇప్పుడొక కంపెనీ ఏజెంట్ 28 ఏళ్లకు లీజు అడుగుతున్నాడు. నాకు ఇష్టమే. మా తమ్ముడు అడ్డం తిరిగినాడు. "అన్నా, డబ్బు సరే. ప్యానెళ్లు చచ్చినాక చేనంతా గాజుపెంకులే. నా కొడుకు దాంట్లో గుంటక తోలాలా?" అంటాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర మొదలైన మాట పదకొండైనా తెగలేదు. వాడిది ఉత్త భయమా, న్యాయమైన మాటా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓర్వకల్లు కుర్రోడు:
ఇచ్చేయ్ అన్నా. మా పక్కన గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017 నుంచి నడుస్తోంది, దాదాపు 5,900 ఎకరాలు. పొగ లేదు, సద్దు లేదు. మీ తమ్ముడు ఏదో వాట్సాప్ వీడియో చూసినట్టున్నాడు.

కడప గుజిరీ:
వీడియో అక్కర్లేదు, మా అంగడికి రండి చూపిస్తా. మాది పాత సామాన్ల అంగడి. పోయిన వేసవిలో గాలివానకు ఎవరి మిద్దె మీదివో ఆరు ప్యానెళ్లు ఎగిరి పడితే ఆటోలో తెచ్చి దించినారు. చుట్టూ ఉండే అల్యూమినియం ఫ్రేమును మూలల్లో సుత్తితో కొడితే ఊడొస్తుంది, అది కాటాకు పోతుంది. వెనక ఉన్న నల్ల డబ్బా, వైర్లు కోస్తే కాస్త రాగి. అంతే, మా పని అయిపోయింది. మిగిలేది పగిలిన గాజు, కానీ రాలదు. లోపల ప్లాస్టిక్ పొర అతుక్కొని ఉంటుంది కదా, ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే తడిసిన గొంగడి మాదిరి వంగుతుంది. సీసాల గాజు కొనేవాళ్లు దాన్ని ముట్టరు. ఆ ఆరూ ఇప్పటికీ మా గోడకు ఆనించే ఉన్నాయి, వాటి వెనక కోడి పొదిగింది. అదే పాత ఇన్వర్టర్ బ్యాటరీ రానీయండి, సాయంత్రానికి ఉండదు. దాని లోపలి సీసం లోహానికి రేటు ఉంది మరి.

నంద్యాల ఇంజనీర్:
గుజిరీ అన్న చెప్పింది నిజమే, కాకపోతే అది సుత్తితో అయ్యే పని కాదు. ప్యానెల్ బరువులో ముప్పాతిక వంతు గాజు, పదో వంతు దాకా అల్యూమినియం, మిగతాది ప్లాస్టిక్, సిలికాన్, కొంచెం రాగి, చిటికెడు వెండి. టంకంలో సీసం కూడా ఉంటుంది, అందుకే కుప్ప పోసి తగలబెట్టకూడదు. ఆ ప్లాస్టిక్ పొరను వేడితోనో రసాయనాలతోనో విడదీసే ప్లాంటుకు చేరితే చాలావరకు తిరిగి పనికొస్తుంది. 2022 ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నియమాల్లో ప్యానెళ్లను చేర్చారు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి.

ఇంకో చిత్తు లెక్క. 315 వాట్ల ప్యానెల్ మన ఎండకు ఏడాదికి 450 యూనిట్ల పైచిలుకు ఇస్తుంది, 25 ఏళ్లకు 11 వేలు అనుకోండి. అంత కరెంటు బొగ్గుతో తీయాలంటే ఏడు టన్నులు కాల్చాలి. మన బొగ్గులో నూటికి 30 పాళ్లకు పైగా బూడిదే, అంటే రెండు టన్నులు దాటుతుంది. ప్యానెల్ మొత్తం బరువు 20 కిలోలు! దీన్ని చెత్త సమస్య అంటే నాకు నవ్వొస్తుంది.

తాడిపత్రి టీచర్:
నవ్వండి సార్. కానీ ఆ బూడిదకు ఎర్రగుంట్లలో గిరాకీ ఉంది. అక్కడి బొగ్గు కరెంటు ప్లాంటు ఆర్‌టీపీపీ నుంచి సిమెంటుకు, ఇటుకలకు లారీల్లో పోతుంది. ఈ 20 కిలోలకు ఎవరున్నారు? మీరు ఒక్క ప్యానెల్ లెక్క చెప్పినారు, నేను పార్కు లెక్క చెప్తా. గని పార్కులో 40 లక్షలకు పైగా ఉన్నాయి. 80 వేల టన్నులు, అన్నీ ఇంచుమించు ఒకేసారి ముసలివవుతాయి. ఆ నియమాలు నేనూ చదివినా. 2034-35 వరకు వచ్చే ప్యానెళ్ల వ్యర్థాన్ని తయారీదారు నిల్వ చేసి పెట్టాలని ఉంది. నిల్వ! ప్రశ్నను గోడౌన్లో పెట్టి తాళం వేసినట్టుంది. బొగ్గు కన్నా మేలని నేనూ ఒప్పుకుంటా, రైతు అడిగింది అది కాదు. ఈ 28 ఏళ్లలో కంపెనీ చేతులు మారితే ఆయన ఎవరి గడప తొక్కాలి?

రామగిరి గాలి:
గాలిమరల సంగతీ ఇంతే. స్తంభం ఉక్కు, ఎప్పుడైనా అమ్ముడుపోతుంది. రెక్కలు ఫైబర్, వాటితోనే తంటా. జర్మనీలో ముక్కలు చేసి సిమెంటు బట్టీల్లో వేస్తున్నారు, కొంత ఇంధనంగా కాలుతుంది, మిగతాది సిమెంటులో కలిసిపోతుంది. కడప జిల్లాలో బట్టీలకు కరువా? ఎవరూ ఆ దిక్కు చూడరు.

ఓర్వకల్లు కుర్రోడు:
టాపిక్ చేను గురించి సామీ, రెక్కల గురించి కాదు.

నంద్యాల ఇంజనీర్:
టీచర్ గారూ, ఒప్పుకుంటా, అది నా లెక్కలో లేదు. అయితే గుత్తి అన్నా, తమ్ముడికి చెప్పు, గుంటకకు అడ్డమయ్యేది గాజు కాదు. ఇనుప స్తంభాలను గుజిరీవాళ్లు ఎగబడి పీక్కుపోతారు. కొన్నిచోట్ల స్తంభాల కింద కాంక్రీటు దిమ్మెలు పోస్తారు, భూమిలో కేబుళ్లు పూడుస్తారు. అవి తవ్వి తీయడం ఖర్చు, కాబట్టి అక్కడే వదిలేసే ప్రమాదం ఎక్కువ. నేను ముందుగా అడిగేది వాటి గురించే.

తాడిపత్రి టీచర్:
అడగడం కాదు, రాయించుకోవాలి. ఏడాది దాటిన లీజు ఎలాగూ రిజిస్టర్ చేయించాలి. ఆ దస్తావేజులోనే ఉండాలి, విడిగా బాండు పేపర్ మీద వద్దు. ప్యానెళ్లు, స్తంభాలు, దిమ్మెలు, కేబుళ్లు గడువు తీరిన ఆరు నెలల్లో కంపెనీ తన ఖర్చుతో తీసేయాలి. కంపెనీ చేతులు మారినా కొత్తవాళ్లకు ఇదే షరతు వర్తించాలి. చేను చదును చేసి అప్పగించేదాకా కౌలు నడవాలి. ఈ చివరిదే అసలు పట్టు. లేటయితే వాళ్ల జేబుకు తగలాలి. కొంత డిపాజిట్ కూడా అడగండి, ఇస్తే మంచిదే.

కడప గుజిరీ:
టీచరమ్మ రాసింది బాగుంది. ఇంకోటి చేర్చుకో అన్నా. మధ్యలో పగిలినవాటిని చేని గట్టు మీద కుప్ప పోయకుండా అప్పటికప్పుడు తీసుకుపోవాలని. మా గోడ నిండిపోయింది, నేనైతే ఇంక తీసుకోను.

గుత్తి రైతు:
అందరికీ థ్యాంక్స్. లీజు కాగితం మళ్లీ తీసి తమ్ముడితో కూర్చొని చదివినా. 14 పేజీల్లో నేనేం చేయకూడదో రెండు పేజీలుంది: బోరు వేయకూడదు, చెట్లు పెట్టకూడదు, నీడ పడేది ఏదీ కట్టకూడదు. తీసేసే సంగతి ఒక్క లైను, "గడువు ముగిసిన పిమ్మట స్థలము ఉన్నది ఉన్నట్లుగా అప్పగించబడును" అని. తమ్ముడు నా మొహం కేసి చూసినాడు, ఏమీ అనలేదు. టీచర్ గారి షరతులు టైపు చేసి నిన్న మధ్యాహ్నం ఏజెంట్‌కు పంపినా. రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెట్టే మనిషి. రెండు నీలం టిక్కులు పడినాయి, ఇంతవరకు పలుకు లేదు.