అప్‌డేట్: పోతన పద్యం, పిల్లల నిఘంటువు

తొమ్మిదో తరగతి పిల్లలు పద్యాల అర్థాలు బట్టీపట్టి, పరీక్ష కాగానే మర్చిపోతున్నారని పోయిన నెల అడిగాను కదా. అర్థాల పట్టిక మానేసి మాటల్ని విడగొట్టించమని మీలో కొందరు అన్నారు. పోతన గజేంద్రమోక్షంలోని 'సిరికిం జెప్పడు'తో మొదలుపెట్టాను.

అందులో 'అభ్రగపతి' అనే మాట తీసుకున్నాం. అభ్రం అంటే ఆకాశం, అభ్రగం అంటే అందులో తిరిగేది, అంటే పక్షి. అభ్రగపతి గరుత్మంతుడు. "ఖగం కూడా ఇంతేనా సార్?" అన్నాడొకడు (ఖం అన్నా ఆకాశమే). నాకు ఆ రోజుకి అది చాలు!

'పరివారంబును జీరడు' దగ్గర మాత్రం అందరూ చీర అనుకుని ఒకటే నవ్వు. సంధిలో 'చ' కాస్తా 'జ' అయిందనీ, చీరడు అంటే పిలవడు అనీ చెప్పాను. ఇప్పుడు హాజరు వేస్తుంటే "సార్, నన్ను చీరలేదు" అంటున్నారు. అదే పద్యంలోని ధమ్మిల్లం (కొప్పు) అనే మాటకి మాత్రం ఇంకా నోరు తిరగట్లేదు. రేపు కొప్పు బొమ్మ గీయిస్తా.