సర్జరీ శిక్షణలో మెంటరింగ్ గ్రూపు: చేరమంటారా?

నెల్లిమర్ల (కొత్తగా వచ్చినవారు): పెద్దలకు నమస్కారం. నెల్లిమర్లలో ఎం.బి.బి.ఎస్. ముగించి, ఇంగ్లండులో ఒక ఆసుపత్రి సర్జరీ విభాగంలో ట్రస్టు గ్రేడు ఉద్యోగంలో (శిక్షణ కార్యక్రమంలో భాగం కానిది, ఆసుపత్రి సొంతంగా ఇచ్చేది) చేరాను. ఒక కన్సల్టెంటు (సీనియర్ స్పెషలిస్టు డాక్టరు), వేర్వేరు దశల్లో ఉన్న కొందరు జూనియర్లు నెలకొకసారి కూర్చునే మెంటరింగ్ గ్రూపులో చోటిస్తామంటున్నారు. సూపర్‌వైజరు ఉండగా ఇది కూడా అవసరమా?

టెక్కలి, బర్మింగ్‌హామ్: తప్పక చేరమ్మా. సూపర్‌వైజరు నీ మీద నివేదిక రాసే మనిషి కనుక, ఫలానా పని చేతకావడం లేదని ఆయనతో చెప్పుకోవడానికి నోరు రాదు. పైగా గ్రూపులో కన్సల్టెంటు మాటకన్నా నీకు రెండేళ్లు ముందున్నవారి మాటే ఎక్కువ అక్కరకొస్తుంది. మా గ్రూపులో ఒకమ్మాయి ఈ-లాగ్‌బుక్ (చేసిన ఆపరేషన్లు నమోదు చేసుకునే ఆన్‌లైన్ పుస్తకం) తెరిచి చూపితే, పిత్తాశయం ఆపరేషన్లన్నిటి ఎదుటా ‘అసిస్టింగ్’ అనే ఉంది, అంటే కెమెరా పట్టుకోవడమే. ఉదయం ఆపరేషన్లకు ముందు అందరూ కలిసి మాట్లాడుకునే టీమ్ బ్రీఫ్‌లోనే “ఈ రోజు పోర్టులు (కెమెరా, పరికరాలు లోపలికి పంపే గొట్టాలు) పెట్టడం, చర్మం కుట్టడం నాకివ్వండి” అని అడగాలని, కేసు సగంలో అడిగితే ఎవరూ ఇవ్వరని కోర్ ట్రైనింగ్ (సర్జరీ తొలిదశ శిక్షణ) రెండో ఏట ఉన్న కుర్రవాడు చెప్పాడు. నువ్వు అడగకపోయినా ఇంకొకటి చెబుతాను: సర్జన్ల కాలేజీల సభ్యత్వ పరీక్ష ఎం.ఆర్.సి.ఎస్.లో మొదటి భాగం, పార్ట్ ఎ, ఆరుసార్లకు మించి రాయనివ్వరు, చదవకుండా కూర్చోకు.

బొబ్బిలి, లీడ్స్: గ్రూపు మంచిదే, వెళ్లనివ్వాలి కదా! నా మొదటి ఆసుపత్రిలో సమావేశం ఉన్న మధ్యాహ్నానికి సెలవడిగితే, రోస్టరు (డ్యూటీల పట్టిక) వేసే ఆఫీసువారు కన్సల్టెంటు సంతకం తెమ్మన్నారు. తెస్తే ఫారం పాతదన్నారు. కొత్త ఫారం నింపి ఇస్తే, ఇది స్టడీ లీవు కిందికి రాదంటూ ముందు రోజు సాయంత్రం ఆన్‌కాల్ వేశారు. రోస్టరు ఆరు వారాల ముందే ఇవ్వాలన్నది నిబంధన, గట్టిగా అడుగు చెల్లీ.

రాజాం, గ్లాస్గో: అన్నగారూ, ఆ ఆరు వారాల నిబంధన ఇంగ్లండులో జూనియర్ డాక్టర్ల 2016 నాటి కాంట్రాక్టు కింద శిక్షణలో ఉన్నవారి మాట. ట్రస్టు గ్రేడువారు తమ కాంట్రాక్టులో ఏముందో చదువుకోవలసిందే. అసలు చూడవలసింది, ఆ కన్సల్టెంటు తన విభాగంలోనివారేనా అన్నది. తన విభాగంవారే అయితే, రేపు కొత్త ఉద్యోగానికి రిఫరెన్సు రాసేదీ ఆయనే, ఇక మనసు విప్పి చెప్పేదేముంది?

టెక్కలి, బర్మింగ్‌హామ్: ఒప్పుకోను. బయటి మెంటరుకు ఏ థియేటర్‌లో ఏ రోజు హెర్నియాలు పడతాయో ఎలా తెలుస్తుంది?

రాజాం, గ్లాస్గో: అది తోటి జూనియర్లు చెబుతారని మీరే కదా పైన రాశారు! అమ్మా, మెంటరు బయటి విభాగం మనిషైతే చేరు. రోగి పేరు, వివరాలు అక్కడ ఎత్తవద్దు. రోగి ప్రాణానికి ముప్పున్న సంగతి బయటపడితే మెంటరైనా దాచకూడదు. ఆ మాట మొదటి సమావేశంలోనే తేల్చుకోండి.